ఇరవై ఏడో వ్యాగన్

ఏటా అక్టోబరులో జోలియెట్ హైవే పక్కనున్న హోటల్లో మూడు రోజులు జరిగే ఆ సమావేశంలో పోటీలు ఉండవు, బహుమతులు ఉండవు. అది వాళ్లు గొప్పగా చెప్పుకునే నియమం. ఆవిరి ఇంజన్ల కాలం నాటి గూడ్సు వ్యాగన్లను అసలు దానిలో ఎనభై ఏడో వంతు సైజులో చేసుకొచ్చి పొడవాటి బల్లల మీద పెడతారు. ఏ ఏడాది నాటిది, ఏ ఫొటో చూసి చేశారు అన్నది పక్కన కార్డు మీద రాస్తారు. ఎవరూ ఎవరికీ మార్కులు వెయ్యరు. చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చూసి, "బాగా కష్టపడ్డావు" అని ముందుకు నడుస్తారు. ఆ మాట పడ్డవాడికి ఇక ఆ రోజు అన్నం సయించదు. "బాగా కష్టపడ్డావు" అంటే తప్పు చేశావని. "రంగు కొత్తగా ఉందే" అంటే ఇంకా పెద్ద తప్పని. ఏమీ అనకుండా కళ్లజోడు తీసి తుడుచుకున్నారంటే ఇంటికెళ్లి ఆ బండిని చెత్తబుట్టలో వేసుకోవచ్చు.

నేను ఇరవై రెండేళ్లుగా ఆ హాల్లో వెనక గోడ దగ్గర బల్ల వేస్తున్నాను. సిసిరోలో నాకు కొట్టుంది. విడిభాగాలు, చక్రాలు, నీళ్లలో నానబెట్టి అంటించే సన్నక్షరాల కాగితాలు నా సరుకు. బతికున్నవాళ్లకు అమ్ముతాను, పోయినవాళ్ల ఇళ్లలో కొంటాను. ఒక్కోసారి అదే వస్తువు.

వీళ్ల మీద నాకు పెద్ద గౌరవం లేదు. అసలు వ్యాగన్లు గోధుమలు, సిమెంటు, పచ్చితోళ్లు మోశాయి. వాటితో బతికిన కూలీలు వాటివంక రెండోసారి చూసి ఉండరు. వీళ్లు వాటి తలుపుల రివెట్లు లెక్కపెడతారు. ఒక వరసలో పదకొండా పన్నెండా అని మాటా మాటా అనుకుని పదేళ్లు మాట్లాడుకోని అన్నదమ్ములు నాకు తెలుసు. ఇద్దరూ నా ఖాతాదారులే. ఒకడికి పదకొండున్నవి, ఇంకొకడికి పన్నెండున్నవి అమ్మాను.

ఆర్లెన్ హెగ్‌స్టాడ్ వీళ్లలో కాస్త మెత్తటివాడు. రాక్‌ఫర్డులో బీమా కంపెనీ తరఫున కాలిన ఇళ్లు, మునిగిన ఇళ్లు చూసి నష్టం అంచనా వేసే పని చేసి రిటైరయ్యాడు. డెబ్బై నాలుగేళ్లు. పదకొండేళ్ల కిందట నా బల్ల మీద ఓ డబ్బాలో పాత గూడ్సు గార్డు జేబు పుస్తకం దొరికింది అతనికి. ఏ రోజు ఏ రైల్లో ఏ నంబరు వ్యాగన్లు ఏ వరసలో ఉన్నాయో గార్డు పెన్సిలుతో రాసుకున్న పుస్తకం అది. అందులో ఒక పేజీ దగ్గర అతని వేలు ఆగిపోయింది. 1947 అక్టోబరు 14, నలభై ఒక్క వ్యాగన్లు. తొమ్మిది డాలర్లు అడిగాను. బేరం ఆడకుండా ఇచ్చాడు. అప్పుడే అర్థమైంది, నలభై అడగాల్సిందని.

ఆ రోజు నుంచి అతను ఆ ఒక్క రైలే చేశాడు. నలభై ఒక్క వ్యాగన్లు, అవే నంబర్లు, అదే వరస, ఆ అక్టోబరు పద్నాలుగున ఎలా ఉన్నాయో అలా. ఫొటో చూడకుండా వ్యాగన్ పక్కనుండే ఒక్క మెట్టు కూడా అంటించడు. ఏడాదికి నాలుగు బళ్లు కూడా పూర్తయ్యేవి కావు. పెళ్లాం డోరిస్ చనిపోయిన ఏడాది మాత్రం ఆరు చేశాడు.

ఇప్పుడు మోకాళ్లు పోయాయి. మెట్లున్న ఇల్లు అమ్మేశాడు. జనవరిలో రెండు గదుల వాటాలోకి మారుతున్నాడు. అక్కడ ఇరవై రెండడుగుల రైలు పెట్టుకునే చోటు లేదు. జిల్లా రైల్వే మ్యూజియం వాళ్లు గోడ పొడవునా గాజు పెట్టె కట్టించి, రైలు మొత్తం తీసుకుంటామన్నారు. కానీ వాళ్లకి ఇందులో ఓనమాలు రావు కాబట్టి ఒక షరతు పెట్టారు. ఈ రైలు ఆ రోజుకి సరిగ్గా ఉందని ప్రెంటిస్ వోల్కాట్ సంతకం చేసి ఇవ్వాలి. ఇవ్వకపోతే రైలు నాకు అమ్ముతానని ఆర్లెన్ ముందే మాటిచ్చాడు. నాకు అమ్మితే ఏం జరుగుతుందో అతనికి తెలుసు. నలభై ఒకటి నలభై ఒక్క ఇళ్లకి పోతాయి. విడిగా అమ్మితేనే నాకు గిట్టుబాటు.

వోల్కాట్ గురించి చెప్పాలి. పెట్టె వ్యాగన్ల మీద మూడు పుస్తకాలు రాశాడు. అందులో ఒకదానికి రెండు వందల పన్నెండు పేజీలు, మొత్తం వ్యాగన్ చివరి గోడల గురించే. నుదుటి మీద భూతద్దాల పట్టీ పెట్టుకుని హాల్లో తిరుగుతాడు, భోజనాల దగ్గర కూడా తియ్యడు. అతను "బాగా కష్టపడ్డావు" అన్నాడని ఈ వ్యసనమే మానేసినవాళ్లు ముగ్గురున్నారు. ముగ్గురి సరుకూ నేనే కొన్నాను. ఆ రకంగా అతను నాకు జీతం లేని గుమాస్తా.

ఈ ఏటి సమావేశంలో శుక్రవారం మధ్యాహ్నం ఆర్లెన్ రైలు సర్దుతుంటే సాయం చేశాను. సాయం అంటే, రాబోయే సరుకు చూసుకోవడం. ఒక్కో వ్యాగన్నీ మెత్తటి కాగితంలోంచి తీసి వరసలో పెడుతున్నాం. ఇరవై ఏడోది జార్జియా రైలు కంపెనీది, ఎర్రమట్టి రంగు పెట్టె వ్యాగన్. అన్నింట్లోకీ అందమైనది. దీనికొక్కదానికే మూడు మామూలు వాటి ధర వస్తుందనుకుంటూ వెలుతురుకి ఎత్తి చూశాను.

అసలు వ్యాగన్లకి ఖాళీ బరువు పక్క గోడ మీద రాసేవాళ్లు. కొన్నేళ్లకోసారి మళ్లీ తూచి, కొత్త బరువు, తూచిన నెల, ఏడాది పక్కన రాసేవాళ్లు. ఈ బొమ్మ మీద ఆ అక్షరాలు అర మిల్లీమీటరు ఎత్తు. నాకు దగ్గరిచూపు ఇంకా పోలేదు. 3-48 అని ఉంది.

1947 అక్టోబరులో నడిచిన రైలు. అందులో 1948 మార్చిలో తూచిన వ్యాగన్.

ఎలా జరిగిందో కూడా వెంటనే తెలిసింది. కార్డు మీద రాసుంది: వోల్కాట్ రెండో పుస్తకం, 118వ పేజీ, ఫొటో కింద "1947 వేసవి" అని. పుస్తకంలో ఆ ఫొటో అగ్గిపెట్టంత. ఆర్లెన్ అసలు ఫొటో ఎక్కడుందో పట్టుకుని, పెద్దది చేయించి, ఒక్కో అక్షరం చూసి దించాడు. ఆకారం చూశాడు, అర్థం చూడలేదు. ఏడాది సంగతి గురువు వోల్కాట్ గారు ముందే చెప్పారు కదా. ఏదో ఒక పాత తేదీ అంటించే అజాగ్రత్త మనిషికి ఈ తప్పు జరిగేది కాదు. ఇంత జాగ్రత్త ఉంటేనే ఇంత తప్పు సాధ్యం.

వ్యాగన్ని వరసలో పెట్టేశాను. "చక్రాలు బాగున్నాయి" అన్నాను. అవి నేను అమ్మినవే.

నేను అబద్ధం ఆడలేదు. అడగని ప్రశ్నకి జవాబు చెప్పడం నా వ్యాపారం కాదు. రేపు వోల్కాట్ చూస్తాడు, సంతకం పెట్టడు, రైలు నాది. సరళమైన లెక్క.

శనివారం పదింటికి వోల్కాట్ వచ్చాడు. వెనక యాభై మంది, చేతుల్లో కాఫీ కప్పులు. మ్యూజియం తరఫున వచ్చిన ఆవిడ, ఆకుపచ్చ స్వెట్టరు, సంతకం కాగితం పట్టుకుని ఓ పక్కన నిలబడింది. ఆర్లెన్ ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. నేను నా బల్ల వదిలి వచ్చాను.

వోల్కాట్ భూతద్దాలు కిందికి దించి మొదటి వ్యాగన్ నుంచి మొదలుపెట్టాడు. ఆరో దాని దగ్గర గొంతు సవరించుకున్నాడు. తొమ్మిదో దాని దగ్గర బ్రేకు గొట్టం మరీ శుభ్రంగా ఉందన్నాడు. పద్నాలుగో దాని పైకప్పు మీద నడకపలక చెక్కది కాదు, ఇనప జల్లెడ ఉండాలన్నాడు. ఆర్లెన్ ఫొటో తీసి ఇచ్చాడు. వోల్కాట్ చాలాసేపు చూసి, ఆ రైలు కంపెనీ వాళ్లు ఎప్పుడూ క్రమశిక్షణ లేనివాళ్లేనని తీర్పు చెప్పి ముందుకెళ్లాడు.

ఇరవై ఏడో దాని దగ్గర కార్డు చదివాడు. తన పుస్తకం పేరు కనిపించింది. మనిషి మొహం వెలిగిపోయింది. వ్యాగన్ని రెండు వేళ్లతో ఎత్తి జనంవైపు తిరిగాడు.

"చూడండయ్యా, ఆధారం పట్టుకుని చెయ్యడమంటే ఇదీ. మీలో సగంమంది నా పుస్తకం కొంటారు, అలమరలో పెడతారు. ఇతను చదివాడు. నూట పద్దెనిమిదో పేజీ. నా ఫొటోలో ఉన్న ప్రతి గీతా ఇందులో ఉంది. ఇదిగో, ఖాళీ బరువు. ఇదిగో, తూచిన తేదీ కూడా. మూడు, నలభై ఎనిమిది."

అని వ్యాగన్ని కింద పెట్టి, ఇరవై ఎనిమిదో దాని మీదికి వంగాడు.

యాభై మంది మనసులో తీసివేత చేస్తున్నారు. బల్ల ముందు పెద్ద కార్డు మీద 1947 అక్టోబరు 14 అని వేలెడంత అక్షరాలతో ఉంది. ఒకడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఇంకొకడు. వీళ్ల మర్యాదంతా అంతే, ఎదుటివాడు మునుగుతుంటే అద్దాలు తుడుచుకుంటారు.

ఆర్లెన్ బల్ల అంచు పట్టుకున్నాడు. వోల్కాట్ నలభై ఒకటీ ముగించి, పెన్ను తీసి, కాగితం కోసం చెయ్యి చాపాడు.

"సంతకం పెట్టొద్దు ప్రెంటిస్ గారూ. ఇరవై ఏడోది తప్పు" అన్నాడు ఆర్లెన్.

"తప్పేమిటి? అది నా ఫొటో."

"మీరిప్పుడే చదివారు. నలభై ఎనిమిది మార్చి. రైలు నలభై ఏడుది. మీ ఫొటో నలభై ఏడుది కాదు."

వోల్కాట్ మళ్లీ భూతద్దాల్లోంచి చూశాడు. మెడ మీద ఎరుపు ఎక్కడం అందరం చూశాం. తర్వాత ఆ మనిషి చేసిన పని నేను మర్చిపోను. అక్షరాలు రాసిన పెయింటరు పొరపాటుపడి ఉంటాడన్నాడు. ఆ రంగులేసే షెడ్డులో తాగుబోతులుండేవాళ్లని, ఏడాది తప్పు రాయడం మామూలేనని, దాని గురించి తన దగ్గర కాగితాలున్నాయని, ఎక్కడో ఉన్నాయని. ముప్ఫై ఏళ్లు ఎవరికీ ఒక రివెట్టు కూడా వదలని మనిషి, తన పేజీ నిలబెట్టుకోడానికి పేరు తెలియని చచ్చిపోయిన పెయింటరుకి తాగుడు అంటగట్టాడు.

"ఫొటోలో ఉన్నదే సాక్ష్యం, మిగతాది కథ అని నాకు చెప్పింది మీరే" అన్నాడు ఆర్లెన్. గొంతు పెంచలేదు.

దీన్ని సరిదిద్దడం ఐదు నిమిషాల పని. పాత తేదీ గీకి, 1946లో ఏదో ఒక నెల అంటిస్తే సరి. ఆ అక్షరాల కాగితం నా బల్ల మీదే ఉంది. ఆకుపచ్చ స్వెట్టరావిడ కూడా అదే అడిగింది, మార్చెయ్యకూడదా అని. ఆర్లెన్ తల అడ్డంగా ఊపాడు. మళ్లీ తూచినప్పుడు రంగు కూడా వేసి ఉండొచ్చు. అంతకుముందు ఆ వ్యాగన్ ఏ రంగులో ఉందో, ఏ అక్షరాలు ఉన్నాయో చెప్పే ఫొటో లేదు. తేదీ మారిస్తే మొత్తం ఊహే అవుతుంది. పదకొండేళ్లలో తను ఒక్కటీ ఊహించి చెయ్యలేదు.

పిచ్చి ఎంత దూరం పోతుందో చూడండి. నాకు నవ్వు రావాలి. ఇంకో రెండు నిమిషాల్లో రైలు నాది. చెక్కు పుస్తకం సంచీలోనే ఉంది.

ఆర్లెన్ ఇరవై ఏడో వ్యాగన్ని వరసలోంచి తీశాడు. వెనకవాటిని ముందుకి జరపలేదు. ఆరంగుళాల ఖాళీ అలాగే ఉంచాడు. ఒక తెల్ల కార్డు తీసుకుని, ఆ వ్యాగన్ నంబరు వేసి, కింద "ఆ రోజు ఎలా ఉండేదో ఆధారం లేదు" అని రాసి ఖాళీలో పెట్టాడు.

"నలభై ఇస్తాను. ఈ ఖాళీతో సహా. మీకు ఇష్టమైతేనే" అన్నాడు ఆవిడతో.

ఆవిడ ఆ ఖాళీవైపు చూసింది. "మంచిదే, దుమ్ము తుడవాల్సింది ఒకటి తగ్గింది" అని కాగితం మీద నలభై ఒకటి కొట్టేసి నలభై అని రాసింది. వోల్కాట్ సంతకం పెట్టాడు. పెట్టక ఏం చేస్తాడు, యాభై మంది చూస్తుంటే.

జనం కదిలిపోయాక ఆర్లెన్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. వ్యాగన్ చేతిలో ఉంది.

"నిన్న నువ్వు దీన్ని వెలుతురులో పెట్టి చూశావు, విల్మా."

"చూశాను."

"చదివావు."

"చదివాను."

"చెప్పి ఉంటే నిన్ననే తీసేసేవాణ్ణి. ఇంతమందిలో ఆయన పరువు పోయేది కాదు."

తన పరువు మాట ఎత్తలేదు, వోల్కాట్ పరువు అన్నాడు. చెప్తే రైలు నాకు రాదు కదా అన్నాను. ఉన్నమాట అదే.

"రైలు కావాలన్నావుగా. ఇదిగో, నీ వంతు" అని వ్యాగన్ని బల్ల మీద పెట్టి మూడొందల డాలర్లు అడిగాడు. దాని ధర అంతుండదు, అతనికీ తెలుసు. పదకొండేళ్లలో నాతో అతను ఆడిన బేరం అదొక్కటే. ఇచ్చాను. ఎందుకిచ్చానో ఇప్పటికీ సరిగ్గా తేల్చుకోలేదు. నోట్లు లెక్కపెట్టుకోకుండా జేబులో పెట్టుకుని, నా మొహంవైపు చూడకుండా వెళ్లిపోయాడు.

ఆదివారం బల్ల ఎత్తేస్తున్నప్పుడు వోల్కాట్ వచ్చాడు. నుదుటి మీద పట్టీ లేదు. అక్కడ తెల్లటి చార కనిపించింది. చక్రాల డబ్బాలు కాసేపు కెలికాడు. తర్వాత వ్యాగన్ వైపు చూడకుండానే దాని ధరెంత అన్నాడు.

"ఆరొందలు."

"నువ్వు మూడొందలకి కొన్నావని విన్నాను."

"మీరు సరిగ్గానే విన్నారు. ఇంకొకాయన సాయంత్రం వస్తానన్నాడు, రైలు బొమ్మల పత్రిక సంపాదకుడట, దీని ఫొటో తీసుకుంటాడట."

అలాంటివాడెవడూ లేడు. వోల్కాట్ ఆరు నోట్లూ నా బల్ల మీద పెట్టాడు. డబ్బాలో పెట్టి ఇవ్వబోతే వద్దన్నాడు. వ్యాగన్ని అలాగే కోటు జేబులో దోపుకున్నాడు. పక్కమెట్టు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అతనికీ వినిపించే ఉంటుంది. జేబు మీద చెయ్యి నొక్కిపెట్టుకుని కార్లు నిలిపిన వైపు నడిచాడు.