ఏడున్నరకే అన్నం

పద్మకుమారికి రాత్రి అన్నమంటే భయం పట్టుకుని అప్పటికి ఏడాది దాటింది.

వాళ్ళది శృంగవరపుకోట బజారులో కిరాణా కొట్టు. ముందు గదిలో కొట్టు, వెనక రెండు గదుల్లో కాపరం, మధ్యలో పాత దుప్పటితో కట్టిన కర్టెను. పొద్దున్న ఆరింటికి కొట్లో కూర్చున్న జగన్నాధం రాత్రి పదింటికి గాని లేవడు. షట్టరు దించి, కాళ్ళు కడుక్కుని కంచం ముందుకి వచ్చేసరికి పదింబావు. ఆయన తిని లేచాక పద్మకుమారి తినాలి. ఆ ఇంట్లో అదే పద్ధతి. అత్త దేముడమ్మ పెద్దదైపోయింది కాబట్టి ఆవిడకి ఏడింటికే రెండు ఇడ్లీలో, ఇంత ఉప్మాయో పడిపోతాయి. కూతురు హర్షిత విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటోంది. ఇక ఆగవలసింది ఈమె ఒక్కతే.

పదిన్నరకి ఆకలి చచ్చిపోయి నీరసం మాత్రం మిగిలి ఉంటుంది. అడుగున ఉన్న పులుసు అన్నంలో పోసుకుని, నమిలీ నమలకుండా నాలుగు ముద్దలు మింగుతుంది. గిన్నెలు తోమి, పొయ్యి గట్టు తుడిచి పదకొండున్నరకి పక్క మీద ఒరుగుతుంది. ఒంటిగంటకల్లా మంట మొదలవుతుంది. రొమ్ము ఎముక వెనక ఎవరో నిప్పు కణిక పెట్టి, దాన్ని మెల్లగా గొంతులోకి ఎగదోస్తున్నట్టు ఉంటుంది. నోట్లోకి పుల్లటి నీళ్ళు వస్తాయి. మింగలేక, కక్కలేక లేచి గోడకి చేరగిలబడుతుంది. కూర్చుంటే కాస్త నయం. ఒరిగితే మళ్ళీ మామూలే. అరకు రోడ్డు మీద లారీలు పోతుంటాయి. పక్కన జగన్నాధం బియ్యం బస్తాలా పడి నిద్రపోతుంటాడు. ఆయన మీద కోపం రాదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

మందులకి కొదవ లేదు. కొట్టు గుమ్మానికి దండల్లా వేలాడే సోడాపొడి పాకెట్లలో రోజుకొకటి ఆమెదే. వాము నమిలింది, సోంపు నమిలింది, మజ్జిగ తాగింది. దేముడమ్మ చెప్పిందని పచ్చి బియ్యం గింజలు కూడా నమిలింది. "ఆ మంటేటమ్మా, అందరికీ ఉన్నదే. గేసు" అనేది దేముడమ్మ. కొట్టుకి సరుకులకొచ్చే వాళ్ళదీ అదే మాట. ఆ బజారులో తలనొప్పి దగ్గర్నుంచి మోకాలి నొప్పి దాకా అన్నీ గేసే.

కాని పద్మకుమారికి ఆ మాట వింటేనే వణుకు. గంట్యాడలో ఆమె నాన్న సూరయ్య ఒక సాయంత్రం గుండెల్లో బరువుగా ఉందంటే, గేసని సోడా తాగించి పడుకోబెట్టారు. తెల్లారేసరికి ఆయన లేడు. ఈ సంగతి అత్తారింట్లో అందరికీ తెలుసు. ఆమె గోడకి ఆనుకుని కూర్చున్న ప్రతి రాత్రీ తెల్లారుతుందో లేదో అని చూస్తోందని మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ పెద్ద తుఫాను వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు, ఆషాఢంలో, ఒక మధ్యాహ్నం కందిపప్పు డబ్బా ఎత్తబోయి గుండె పట్టుకుని కూలబడింది. కాసేపటికి సర్దుకుంది. అయినా ఆ రాత్రి నోరు తెరిచి అడిగింది.

"ఓసారి విజయనగరం తీసుకెల్లండి. గుండె సూపించుకుంటాను."

"రేపు సంత కదే! కొట్టు ఒగ్గీసి ఎలాగొస్తాను? అమ్మని తోడు తీసుకెల్లు" అన్నాడు జగన్నాధం.

మర్నాడు అత్తాకోడళ్ళు మొదటి బస్సులో విజయనగరం వెళ్ళారు. గంటస్తంభం దగ్గర ఆటో దిగి, అడుగుతూ అడుగుతూ ఆస్పత్రి పట్టుకున్నారు. డాక్టరమ్మకి ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. అన్నీ విని, గుండె పరీక్ష తీయించి, ఆ పొడుగాటి కాగితాన్ని రెండుసార్లు చూసింది.

"గుండె బాగుందమ్మా. మీ నాన్నగారి సంగతి చెప్పారు కాబట్టి మళ్ళీ చూశాను. రాత్రి అన్నం ఎన్నింటికి తింటారు?"

"ఆయన తిన్నాకండి."

"ఆయన ఎన్నింటికి తింటారు?"

"కొట్టు కట్టీసేక. పదింబావు, పదిన్నర."

"మరి పడుకునేది?"

"పనవగానేనండి."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "కడుపుకి పైన మూతలాంటిది ఒకటి ఉంటుంది. తిన్నది లోపలికి పోయాక అది బిగుసుకోవాలి. తిన్న వెంటనే పడుకుంటే ఆ మూత వదులై, లోపలి పులుపు పైకి తంతుంది. ఆ మంటే మీకు గుండెల్లో తెలుస్తోంది."

పద్మకుమారికి ఇది ఇట్టే అర్థమైంది. మూత సరిగ్గా పట్టని నూనె డబ్బాని నిలబెట్టినంతసేపూ ఏమీ కాదు. అడ్డంగా పడుకోబెడితే అరంతా జిడ్డే.

డాక్టరమ్మ ఒక్కొక్కటీ చెబుతూ తెలుగులోనే రాసింది. పరగడుపున, టిఫినుకి అరగంట ముందు ఒక బిళ్ళ, రెండు వారాలు. టీ, ఊరగాయ, నూనె వంటలు తగ్గించాలి. లంగా బొందు అంత బిగించి కట్టకూడదు. మంచానికి తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టాలి. ఎడమ పక్కకి తిరిగి పడుకోవాలి. "ఎప్పుడైనా చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతిలోకో దవడలోకో పాకితే మాత్రం గేసని కూర్చోకండి. ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్ళాలి." ఆఖర్న 'రాత్రి భోజనం ఏడున్నరకి' అని రాసి కింద రెండు గీతలు గీసింది.

దేముడమ్మ ముందుకి వంగింది. "మందు రాయమ్మా అంటే తిండి రాస్తావేటి?"

"అసలు మందు ఇదేనమ్మా. బిళ్ళలు దీనికి తోడు."

"మొగుడు తినకుండా ఇది ఎలాగ తింటాది?"

"నోటితోనే."

నర్సు కిసుక్కున నవ్వింది. దేముడమ్మ నవ్వలేదు. బస్సు ఎక్కి టికెట్టు తీసుకున్నాక అంది: "ఆ గుంటకి ఇంకా పెళ్ళవనట్టున్నాది."

ఇంటికి రాగానే జగన్నాధం తక్కెడ దగ్గర్నుంచే అడిగాడు. "ఏటన్నారు?"

"గుండె బాగుందంటండి. గేసంట."

"నే ముందే సెప్పేను కదేటి!" అని ఆయన తృప్తిగా పంచదార తూచాడు. ఇటుకల సంగతి చెబితే ఆ రాత్రే తెచ్చి మంచం కింద పెట్టాడు. తెల్లారి లేచేసరికి ఇద్దరూ కాళ్ళవైపుకి జారిపోయి ఉన్నారు. "మన మంచం అరకు ఘాటురోడ్డయిపోయిందే" అని నవ్వాడు గాని ఇటుకలు తీయలేదు. మంచివాడే. అయినా ఏడున్నర సంగతి పద్మకుమారి నోట రాలేదు. చీటీ మడిచి గోడ మీద కేలండరుకి వేలాడే సంచీలో పెట్టింది. అడిగితే ఆయన వద్దనడు. కాని అడగడమంటే, కాపరానికొచ్చిన ఈ పందొమ్మిదేళ్ళూ నాకు ఆకలేసిందని చెప్పడమే. ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకి తెలియలేదు.

బిళ్ళలు వేసుకున్న రెండు వారాలూ మంట సగానికి సగం తగ్గింది. అవి అయిపోయిన నాలుగో రాత్రి మళ్ళీ వచ్చింది, వడ్డీతో సహా. పాలు పొంగుతుంటే తను నీళ్ళు చిలకరిస్తోంది గాని కింద పొయ్యి తగ్గించడం లేదని గోడకి ఆనుకుని కూర్చున్న పద్మకుమారికి తెలిసింది.

మర్నాడు సాయంత్రం ఏడున్నరకి కంచంలో అన్నం పెట్టుకుంది. బీరకాయ కూర, మజ్జిగ. కర్టెను అవతల జగన్నాధం "అర కేజీయా, కేజీయా సెప్పు బేగి" అంటున్నాడు. ఆయన గొంతు వినబడుతుంటే ముద్ద దిగలేదు. కంచం పట్టుకుని వంటగది తలుపు వెనక్కి వెళ్ళి, నిలబడే తింది. మధ్యలో తలెత్తితే టీవీ ముందున్న దేముడమ్మ ఇటే చూస్తోంది. పద్మకుమారి చెయ్యి ఆగిపోయింది. దేముడమ్మ మెల్లగా రిమోటు అందుకుని సీరియలు సౌండు పెంచి, అటు తిరిగి కూర్చుంది. అది కోపమో, కాపలాయో తెలియలేదు.

పదింబావుకి జగన్నాధం తిని లేచి, "నువ్వు తినవేటి?" అన్నాడు.

"ఆకల్లేదండి."

ఆ రాత్రి ఆమెకి మెలకువ వచ్చేసరికి బయట పాల కేన్లు మోగుతున్నాయి. గడియారం ఆగిపోయిందనుకుంది. అయిదు. గొంతులో పులుపు లేదు, గుండెల్లో కణిక లేదు. పక్క మీద అలాగే కాసేపు పడుకుని ఉండిపోయింది. ఏడాది నిద్ర బాకీ ఒక్కసారిగా ఒళ్ళంతా నొప్పులుగా తెలిసింది.

అలా నాలుగు రోజులు. నాలుగు రాత్రులూ తలుపు వెనక అన్నం, నాలుగు రాత్రులూ ఆకల్లేదండి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. జగన్నాధం పట్టలేదు గాని ఆయనకి వేరే అనుమానం వచ్చింది. అయిదో రోజు మధ్యాహ్నం గరివిడి నుంచి ఆడపడుచు అనూరాధ ఫోను చేసింది.

"ఒదినా, మా అన్నయ్య మీద అలిగేవంట?"

"నేనా? ఎవలు సెప్పేరు?"

"ఇంకెవలు, అన్నయ్యే. ఆస్పత్రికి నేను రాలేదని మీ ఒదిన నాలుగు రోజుల్నుంచి రాత్రి కూడు మానీసిందే, ఏటి సెయ్యాలో తెలీట్లేదే అని ఒకటే గోల. ఇన్నేళ్ళకి మంచి పని సేసేవు. పట్టు ఒదలకు, చీర కొనిపించు."

పద్మకుమారికి నవ్వు రావలసింది. రాలేదు. ఈ కట్టుకథని విప్పడానికి ఎన్ని మాటలు కావాలో తలుచుకుంటేనే అలసట వచ్చింది.

ఆ రాత్రి షట్టరు తొమ్మిదిన్నరకే దిగింది. జగన్నాధం చేతిలో నూనె ఓడుతున్న కాగితం పొట్లంతో కర్టెను తోసుకుని వచ్చాడు. వంటగది గడప దగ్గర గొంతుక్కూర్చుని, పొట్లం విప్పి ఆమె ముందుకి జరిపాడు. మిరపకాయ బజ్జీలు.

"గంగులు బండి దగ్గర ఏయించేను. ఏడిగా ఉన్నాయి. పెళ్ళయిన కొత్తల్లో ఇవంటే పడి సచ్చేదానివి కదా! తిను కుమారీ. అలక సాలించు. ఈసారి నేనే తీసుకెల్తాను ఆస్పత్రికి. కొట్టు పోతే పోనీ."

ఆయన అలా నేల మీద కూర్చుని తినమని అడగడం ఆమె ఎరగదు. రెండు తింటే చాలు, ఆ మొహం వెలిగిపోతుంది. రెండు తింటే ఈ రాత్రి గోడే గతి. ఒక బజ్జీ చేతిలోకి తీసుకుంది. వాము వాసన, కాలిన మిరప ఘాటు. నోటి దాకా తీసుకెళ్ళి, మళ్ళీ కాగితంలో పెట్టేసింది.

"నేను తినీసేనండి."

"ఎప్పుడు?"

"ఏడున్నరకి."

"ఇయ్యాలా?"

"నాలుగు రోజుల్నుంచీని."

జగన్నాధం అర్థం కానట్టు చూశాడు. "నేను కొట్లో ఉండగానా? మరి ఆకల్లేదు, ఆకల్లేదంటావేటి?"

"డాక్టరమ్మ అలా తినమన్నాదండి. చీటీ కేలండరు సంచీలోనే ఉన్నాది."

ఆయన లేచి వెళ్ళి చీటీ తీసి దీపం కింద పట్టుకుని, వేలు పెట్టి చదివాడు. రెండు గీతల దగ్గర వేలు ఆగిపోయింది. వెనక్కి తిరిగినప్పుడు గొంతులో కోపం కంటే బెదురే ఎక్కువుంది.

"ఈ మంటంతా దీనికేనా? మరి ఇన్నాళ్ళూ నిన్నెవలు ఆగమన్నారే? నేనెప్పుడైనా అన్నానా?"

నిజమే. ఆయన ఎప్పుడూ అనలేదు. తినమనీ అనలేదు, ఆగమనీ అనలేదు.

అవతల గదిలో టీవీ సౌండు తగ్గింది.

"నేనన్నాన్రా" అంది దేముడమ్మ. "కాపరానికొచ్చిన రోజున నేనే సెప్పేను. నాకు మా అత్త సెప్పింది. మీ నాన్న పదకొండుకి గాని వచ్చేవోడు కాదు. నాకు మండలేదేటి? మండింది. బియ్యం నవిలి తొంగునేదాన్ని. సెప్పడం మరిసిపోయేనురా, ఇంక సాలమ్మా అని. తిననీ దాన్ని" అంది. టీవీ సౌండు మళ్ళీ పెరిగింది.

జగన్నాధం చీటీ మళ్ళీ మడిచి సంచీలో పెట్టాడు. తర్వాత కంచం ముందు కూర్చున్నాడు. పద్మకుమారి అలవాటుగా వడ్డించింది. రెండు ముద్దలు తిని ఆయన తలెత్తకుండా అన్నాడు: "నువ్వు తినీసేవని తెలిసేక ఒక్కణ్నీ తింతుంటే ముద్ద దిగట్లేదే."

"దిగుతాదండి. నాకూ మొదటి రోజు దిగలేదు."

గోడ వారగా కాసేపు కూర్చుంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. తినకుండా ఆగడం ఒక్కటే కాదు, ఆయన తినేదాకా ఇలా కూర్చోవడం కూడా తన ఒంట్లోంచే ఖర్చవుతోందని అప్పుడు తెలిసింది.

"నేను తొంగుంటానండి. అన్నీ గట్టు మీదే ఉన్నాయి. గిన్నెలు నీళ్ళలో ఎయ్యండి, పొద్దున్న తోముతాను."

జవాబు కోసం ఆగలేదు. బొందు వదులు చేసుకుని, ఎత్తుగా ఉన్న వైపు తల పెట్టి ఎడమ పక్కకి తిరిగింది. వంటగదిలో గిన్నెల మూతలు ఒకటొకటిగా తీసి పెడుతున్న చప్పుడు వినబడింది.

"కుమారీ, మజ్జిగెక్కడున్నాది?"

"ఫ్రిజ్జులో. కింద అరలో."

"ఉప్పో?"

పొయ్యి పక్కన సీసాలో అని చెప్పాననుకుంది. చెప్పిందో లేదో ఆమెకే తెలియదు. ఆయన మళ్ళీ అడిగాడు. అప్పటికి పద్మకుమారి నిద్రపోయింది.