పదకొండో సీటు

దీవెనకు ఒక్క మార్కు తక్కువైంది. బెంజ్ సర్కిల్ దగ్గరి కోచింగ్ సెంటరు వాళ్ళు పెట్టిన స్కాలర్‌షిప్ టెస్టులో మొదటి పదిమందికి ఏడాది కోచింగూ హాస్టలూ ఉచితం. ఆమెది పదకొండో ర్యాంకు. సీటు రాకపోతే కంకిపాడు చీరల కొట్లో మళ్ళీ పొద్దస్తమానం నిలబడి మడతలు విప్పడమే. తల్లి తెరేసమ్మ ఊడ్పులకు పోయి తెచ్చే కూలితో గ్రూప్స్ కోచింగు కొనలేరు.

తనకు చేతగాక ఆ మార్కు పోయుంటే నోరు మూసుకునేది. కానీ సెంటరు వాళ్ళు పెట్టిన జవాబుల కీ చూసింది. 1948 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఎవరు గెలిచారన్న ప్రశ్నకు జవాబు డ్యూయీ అని ఇచ్చారు. ఆమె ట్రూమన్ అని పెట్టింది. సర్వేలవాళ్ళూ పత్రికలవాళ్ళూ డ్యూయీ చేతిలో ట్రూమన్ పని అయిపోయిందని ముందే తేల్చేశారు. ఓట్లు లెక్కపెడితే ఆయనే గెలిచాడు. బేరాల్లేని మధ్యాహ్నాలు కొట్లో చదివిన సంగతి అది, ఎలా మరిచిపోతుంది?

డైరెక్టరు మల్లికార్జునరావు గారి గదికెళ్ళి చెప్పింది. ఆయన కోప్పడలేదు, జాలిగా నవ్వాడు. కోప్పడినా బాగుండేది. ఫోనులో ఒక పాత ఫోటో చూపించాడు. ఒకాయన పత్రికను రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. ట్రూమన్‌ను డ్యూయీ ఓడించాడని దాని మీద ఇంతేసి ఇంగ్లీషు అక్షరాలు.

"పేపర్లోనే వేశారు కదమ్మా. ఇంకేం కావాలి నీకు?"

"ఆ పేపరు పట్టుకుని నవ్వుతున్నాడే, ఆయనే ట్రూమనండీ. లెక్క తేలకముందే అచ్చేసి పరువు పోగొట్టుకున్నారు వాళ్ళు. గెలిచినాయన అది అందరికీ చూపిస్తన్నాడు."

ఆయన ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. తప్పని తెలిసింది. తెలిసినవాడు ఏం చెయ్యాలి? కీ మార్చాలి. ఈయన లేచి తలుపు వేశాడు. పదిమంది ఫోటోలతో మైలవరం దాకా ఫ్లెక్సీలు కట్టించేశారట. ఇప్పుడు కీ మారిస్తే సెంటరు పేరు పోతుందట.

"నీకు పదకొండో సీటు ఇప్పిస్తా. బయట మాత్రం అనకు."

అబద్ధమెందుకు, సరేనండీ అన్న మాట దీవెన నాలిక చివరిదాకా వచ్చింది. హాస్టలు మంచం కూడా కళ్ళముందు కనపడింది. అయినా అడిగింది. ట్రూమన్ అని పెట్టినవాళ్ళు ఇంకా ఉంటారు కదా, వాళ్ళ మార్కు సంగతేమిటని.

"వాళ్ళెవరూ అడగలేదుగా."

ఒళ్ళు మండిపోయింది. అడగనివాడి మార్కు మింగెయ్యవచ్చన్నమాట. తల్లి కూలి కోసేవాళ్ళూ ఇదే మాట అంటారు. ఆ సీటు మీరే ఉంచుకోండని చెప్పి తలుపు తీసుకుని బయటికొచ్చింది.

మర్నాడు పొద్దున్నే సెంటరు గేటు ముందు అట్టముక్క పట్టుకుని నిలబడింది. గెలిచింది ట్రూమన్, కీ మార్చండి అని రాసింది. వాచ్‌మన్ పొమ్మన్నాడు. పోలేదు. పదిగంటలకల్లా అదే జవాబు పెట్టినవాళ్ళు ఆరుగురు వచ్చి పక్కన నిలబడ్డారు.

ఏడోవాడు పోట్లాటకొచ్చాడు. పేరు పవన్‌కుమార్, పదో ర్యాంకు. డ్యూయీ అని పెట్టాడు.

"కీ మారిస్తే నా సీటు నీకొస్తది. మా నాన్న ఆటో తోల్తాడక్కా. వాళ్ళు తప్పు రాసుకుంటే నేనెందుకు పోవాలి?"

దీవెన అట్టముక్క కిందికి దించింది. వాడి మొహంలో నిన్నటి తన మొహమే ఉంది. తప్పు చేసినవాడు పైన ఏసీలో కూర్చున్నాడు, కింద రోడ్డు మీద వీళ్ళిద్దరూ ఒకరి కూడు ఒకరు లాక్కోవాలి. ఆ ఆలోచనతోనే ఆమె కోపం సరైన చోటికి తిరిగింది.

"తమ్ముడూ, పైన పదకొండో సీటొకటుంది. నిన్న తలుపేసి నాకిస్తానన్నారు. నాకివ్వగలిగింది నీకెందుకివ్వరు? వెళ్ళి అడుగు. తలుపు తీసే ఉంచి అడుగు."

పవన్‌కుమార్ మెట్లవైపు చూశాడు. ఒక్కణ్ణీ వెళ్ళలేనన్నాడు.

ఎనిమిదిమందీ కలిసి ఎక్కారు.