ఎడమ పక్కన ఈదిన చేప

ఎండాకాలం ఉక్క మొదలైందంటే గల్ఫ్‌లో, సముద్రం పక్కనున్న అల్ ఖౌద్‌లో గోడలకు కూడా చెమట పడుతుంది. ఖాజాబీకి అప్పుడు పని రెట్టింపు. పొద్దున తుడిచిన కిటికీ అద్దాలు కాసేపటికే మళ్లీ మసకబారతాయి. రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చి, సుఫియాన్ సార్ ఇంట్లో వంటకూ పైపనికీ కుదిరిన మనిషి ఆమె. ఆ రోజు అద్దం తుడుస్తుంటే పక్కింటి వసారాలో, ఖాళీ అట్టపెట్టెల మధ్య ఒక గాజుతొట్టి కనబడింది. పక్కింటివాళ్లు ఎడారి పక్కనున్న బురైమికి మకాం మార్చేశారు. తొట్టిలో నీళ్లు పాకురు పట్టాయి. అడుగున బంగారు చేప ఒకటి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది.

"వదిలేసి పోయినారా నిన్ను?" అనుకుంటూ తొట్టిని ఎత్తుకొచ్చింది.

మేడమ్ పక్కింటివాళ్లకు ఫోన్ చేసింది. "బురైమిలో గాలి పొడి. అక్కడ అదెక్కడ తిరుగుతుంది పాపం? మీరే ఉంచుకోండి" అన్నారట.

ఖాజాబీ కుళాయి నీళ్లు బకెట్‌లో పట్టి, ఒక రోజు నిలవుంచి, కొంచెం కొంచెంగా మార్చింది. చేప తేరుకుంది. ఒక సాయంత్రం నీటి పైకొచ్చి, రెక్కలు విప్పి, మెల్లగా గాల్లోకి ఎక్కింది. గాలి అంత తడిగా ఉంది మరి. మేడమ్ లేచి ఏసీ ఆపేసింది. సార్ వాళ్ల నాన్న కాఫీ కప్పు మీద అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "కిటికీ వెయ్యండి, రోడ్డు మీదికి పోతుంది" అని సార్ మళ్లీ ఫోన్‌లో తల దూర్చాడు.

అయితే దానికి తోడు లేదు. షోకేసు అద్దంలో తన నీడకు మూతి ఆనించి అట్లాగే నిలబడేది. మేత కూడా మానేసింది.

ఖాజాబీ అద్దంలో తనను తాను చూసుకోవడం ఎప్పుడో మానేసింది. రంజాన్ నాటినుంచి ఆమె ఎడమ కంటికి పొర కమ్ముతోంది. ఎవరికీ చెప్పలేదు. ఎడమవైపు ఏముందో తెలియక గుమ్మానికి గుద్దుకునేది, కప్పులు పగలగొట్టేది.

"మళ్లీనా?" అంది మేడమ్ విసుగ్గా. "చేతకాకపోతే చెప్పు ఖాజాబీ. ఇంటికి పంపించి వేరే మనిషిని చూసుకుంటాను."

ఖాజాబీ వంగి పెంకులు ఏరింది. ఊళ్లో కూతురి నర్సింగ్ చదువు ఇంకా సగంలోనే ఉంది. కన్ను సంగతి బయటపడితే చదువూ ఆగిపోతుందని ఆమె భయం.

చేపను చూసి ఆ ఇంటి డ్రైవర్ జిలాని అన్నాడు. అతనిదీ రాయచోటి పక్కే. "ఒంటిగా పెడితే ఇది బతకదక్కా. సీబ్‌లో ఖమరుద్దీన్ భాయ్ చేపలంగడి ఉండాది. శుక్రవారం పోదాం రా."

చేపను బకెట్‌లో పెట్టుకుని పోయారు. అంగట్లో గాజుతొట్ల నిండా తళతళలాడే చేపలు. బకెట్‌లోంచి లేచి అది ఒక్కో తొట్టినీ దాటుకుంటూ పోయింది. బల్ల వెనకాల ఒక ప్లాస్టిక్ టబ్బు మీద ఆగిపోయింది. అందులో ఉన్న ఒకే ఒక్క చేపకు ఎడమ కన్ను లేదు.

"దాన్నెవరూ కొనరమ్మా," అన్నాడు హైదరాబాదు ఖమరుద్దీన్. "మంచిది చూపిస్తా, ఇటు రా."

"అది ఏరుకున్యాక మద్దెలో నేనెవురు?" అంది ఖాజాబీ.

ఒంటికంటి చేప గాల్లోకి వచ్చిన మొదటిరోజే కర్టెన్‌కు కొట్టుకుని సోఫాలో పడింది. ఖాజాబీ చేతులు తడుపుకుని ఎత్తి నీళ్లలో వేసింది. మర్నాటి నుంచి మొదటి చేప దాని ఎడమ పక్కనే ఈదింది. గోడ దగ్గరైతే మూతితో మెల్లగా నెట్టేది. ఆ తర్వాత అది ఇంకెక్కడా కొట్టుకోలేదు.

ఒక సాయంత్రం ఖాజాబీ ట్రే పట్టుకుని వంటింట్లోంచి వస్తోంది. మొదటి చేప తన జతను కాసేపు బల్ల మీది పూలకుండీ దగ్గర వదిలి, వచ్చి ఆమె ఎడమ చెవి పక్కన నిలిచింది. గుమ్మం దగ్గరకు రాగానే చెంప మీద చల్లగా మూతి ఆనించి నెట్టింది. ఆమె పక్కకు జరిగింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

మేడమ్ చూస్తూనే ఉంది. లేచొచ్చి ఖాజాబీ ఎడమవైపు నిలబడి, చప్పుడు చెయ్యకుండా చెయ్యి ఆడించింది. ఖాజాబీ తల తిప్పలేదు.

"ఎప్పటినుంచి?" అంది మేడమ్.

ఖాజాబీ ట్రేను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. "రంజాన్ నాటినుంచి. పంపించొద్దు మేడమ్."

మేడమ్ ట్రే తీసుకుని బల్ల మీద పెట్టింది. "నేనన్ని మాటలంటుంటే ఊరుకున్నావా? ఒక్కసారి చెప్పకూడదా?" అంది. కారు తియ్యమని జిలానికి కేక వేసింది.

ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు డాక్టరు. ఆపరేషన్ చేసి పొర తీశారు. నల్లద్దాలు తీసెయ్యమన్న రోజున ఖాజాబీ మళ్లీ ట్రే పట్టుకుని హాల్లోకి వచ్చింది. చేపలు రెండూ ఆమె తల మీదుగా, తోకలు రాసుకుంటూ, కిటికీ వైపు పోయాయి. ఏదీ ఆమె పక్కకు రాలేదు.

"పోండి పోండి. నాతో మీకింకేం పని?" అంది నవ్వుతూనే. కానీ లోపల ఎక్కడో చివుక్కుమంది.

గుమ్మం ఇప్పుడు రెండు కళ్లకూ స్పష్టంగా కనబడుతోంది. అయినా చాన్నాళ్లపాటు ఖాజాబీ, తన ఎడమ పక్కన చేపంత చోటు వదిలే నడిచింది.