ఎనిమిదో పేరు

ఆ ఏడు పెత్రమాస, చనిపోయిన పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య, సెప్టెంబరు ఇరవై ఒకటిన వచ్చింది. ఆ పొద్దున గల్ఫ్ కూలి ఇస్తారి, రాత్రి మిగిలిన అన్నంలో బెండకాయ పులుసు కలుపుకొని నిలబడే తిని, రుసైల్‌లోని టైల్స్ గోదాం వెనక్కి నడిచాడు. మూడేళ్లుగా డ్యూటీకి ముందు అక్కడికి పోవడం అలవాటు.

కంపెనీ మెకానిక్ లిన్, చైనా ముసలాయన, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు సాము నేర్పుతూ తానే ఎగిరి చూపించేవాడు. ఇప్పుడు వేలితో చూపిస్తున్నాడు. టైల్స్ పెట్టెలు మోసి పట్టేసిన నడుము కోసం మొదలుపెట్టిన సాము, నొప్పి పోయాక కూడా ఇస్తారి మానలేదు.

సాముకు ముందు లిన్ తన గురువుల వరసలోని ఏడు పేర్లు చదువుతాడు. మొదటిది చైనాలో, ఫుజియన్‌లోని ఒక ఆడమనిషిది. వాకిట్లో వాలిన తెల్లకొంగను ఆమె వెదురుకర్రతో తోలబోతే, అది ప్రతి దెబ్బనూ రెక్కతో పక్కకు నెట్టిందట. విద్య అక్కడ పుట్టిందని గురువులు చెప్పుకుంటూ వచ్చారు. ఏడోది లిన్ పేరు. తర్వాత ఎవరూ లేరు. ఆయన కొడుకులు నేర్చుకోలేదు.

శిష్యుడు మోకాళ్ల మీద కూర్చుని చాయ్ అందించాలి, గురువు తాగాలి. అప్పుడే శిష్యుడి పేరు ఆ వరసలో చేరుతుంది. లిన్ ఏడాదిగా అడుగుతున్నాడు. ఇస్తారి తల దించుకునేవాడు. ఇంకొకరి వరసలో పేరు చేరితే దత్తత పోయినట్టేనని అతని భయం. ఒక్కడే కొడుకు. పెత్రమాస నాడు చనిపోయిన నాయిన పేరు చెప్పి బియ్యమిచ్చే హక్కు పోతే ఎట్లా?

"ఆజ్ రాత్ ఫ్లైట్," అన్నాడు లిన్, దగ్గు ఆపుకుంటూ. ఊపిరితిత్తుల జబ్బుతో ఆ రాత్రి విమానానికే ఇంటికి పోతున్నాడు. "షామ్ కో చాయ్ లాయేగా?"

"దేఖేంగే, ఉస్తాద్." సాయంత్రం చాయ్ తెస్తాననలేక, చూద్దామని దాటేశాడు ఇస్తారి.

మధ్యాహ్నం ఊరి నుంచి తల్లి యాదవ్వ ఫోన్ చేసింది. ఇస్తారి నసుగుతూ సంగతి చెప్పాడు. ఆమె నవ్వింది.

"చాయ్ పోస్తే వంశం పోతదారా, పిచ్చోడా? మీ నాయినకు తాటిచెట్టెక్కుడు నేర్పినాయన మన ఇంటోడా? మీ నాయిన పెత్రమాసకు ఆయన పేరు మీద గూడ దోసెడు బియ్యమిచ్చెటోడు. ఇయ్యాల ఇద్దరి పేరు మీద నేనిచ్చిన."

ఆ సాయంత్రం వరకు పెట్టెలు బరువనిపించలేదు. డ్యూటీ దిగగానే అల్లం దంచి, పాలు పోసి చాయ్ కాచాడు. గ్లాసు మీద మూత పెట్టి, ఒలకకుండా నడిచాడు.

లిన్ రూమ్ ముందు వాచ్‌మన్ దస్తగిర్ నిలబడి ఉన్నాడు. కడప మనిషి.

"నాలుగింటికి పానం పాయ అన్నా. చెయ్యి పట్టుకోనే ఉంటి. ఇప్పుడే ఆస్పత్రి బండి తీస్కపాయ."

ఇస్తారి గ్లాసు మీది మూత సరిచేశాడు. "నన్నేమన్న అడిగిండా?"

దస్తగిర్ చాయ్ గ్లాసు వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "లేదన్నా. నిద్దర్లోనే ఉండె."

అది దయతో ఆడిన అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఇస్తారి మనసులోనే అతనికి దండం పెట్టుకున్నాడు.

లోపలికి పోయి, ఖాళీ మంచం ముందు మోకాళ్ల మీద కూర్చుని, మూత తీసి గ్లాసు పెట్టాడు. పేర్లు చదివాడు. ఏడోదాని దగ్గర ఆగాడు. తాగే మనిషి లేనిదే ఎనిమిదోదిగా తన పేరు ఎట్లా పలకాలో తెలియలేదు. కాసేపటికి లేచి, వెనక్కి తిరగకుండా బయటికొచ్చాడు.

దస్తగిర్ లైటు ఆర్పి, చప్పుడు కాకుండా రాత్రికి తలుపు మూశాడు. లోపల, మంచం కోడు పక్కన, గ్లాసులో చాయ్ మీద మీగడ కడుతోంది.