అరువు గొంతు

లైవ్ ఆల్బమ్ అని అట్ట మీద రాసి అమ్మేవాటిలో సగం బూటకమే. ఆ మాట అనడానికి నాకంటే హక్కున్నవాళ్లు లేరు, ఎందుకంటే నా కూడు అదే. కచేరీలో జరిగిన తప్పుల్ని తర్వాత స్టూడియోలో కూర్చుని అతుకు కనపడకుండా సరిచేస్తాను. గిటారు తీగ తెగిందా, ఆ కాస్తా మళ్లీ వాయించమంటాను. జనం చల్లబడ్డారా, ఇంకో పాటలోని చప్పట్లు తెచ్చి కలుపుతాను. ఇలాంటివి ఎన్ని చేశానో లెక్కలేదు, ఏనాడూ సిగ్గుపడలేదు. వినేవాడు సంతోషంగా ఉంటే చాలదా, మిగతా గొడవ వాడికెందుకు అనుకునేదాన్ని. మా తమ్ముడి ఆల్బమ్ నా బల్ల మీదికి వచ్చేదాకా.

తమ్ముణ్ణి ఊరంతా ఉరుము అంటుంది. అమ్మ పెట్టిన పేరు వాడికైనా గుర్తుందో లేదో. వాడు వంటింట్లో ఉప్పెక్కడుందని అడిగితే పక్కింటావిడ ఉప్పు తెచ్చిచ్చేది, అదీ వాడి గొంతు. హార్డ్ రాక్ బ్యాండు పెట్టి ఆ గొంతుకి ఒక దారి చూపించాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇల్లు ఖాళీ చేయించి ఉండేవాళ్లు. వాడి వెనక డ్రమ్స్ కొట్టేది మా ఆయన. నాకు పెళ్లి కాకముందే బావా బావమరుదుల్లా తిరిగేవాళ్లు, ఆ తర్వాత నిజంగానే అయ్యారు. మా ఇంట్లో నేను రెండో పెళ్లాన్ని. మొదటామె ఆ డ్రమ్ సెట్టు.

అలాంటి గొంతులో పుండు లేచింది. నెలల తరబడి బొంగురుపోతుంటే అరుపుల వల్లేననుకుని మిరియాల నీళ్లు తాగుతూ కూర్చున్నాడు వెధవ. డాక్టరు చూసి, స్వరపేటిక మొత్తం తీసేయాలి, ప్రాణం దక్కుతుంది కానీ మాట దక్కదు అని తేల్చేసింది. ఒక్క కచేరీ చేసుకుని వస్తానని వాడు బతిమాలాడట. ఆవిడ చీవాట్లు పెట్టి, చివరికి సరేనంది.

ఆ కచేరీ డబ్బుకీ కాదు, పేరుకీ కాదు. వాడి కూతురి కోసం. మేం బుడంకాయ అని పిలుస్తాం, అప్పటికి దానికి మూడేళ్లు నిండీ నిండనట్టు. డాక్టరు చెప్పిన సాయంత్రం వాడు ఇంటికెళ్లి మా మరదలితో అన్న మాట ఆమే నాకు చెప్పి ఏడ్చింది. "దానికి నా గొంతు గుర్తుండే వయసు కాదే. ఒక్క మంచి ఆల్బమ్ వదిలిపెడతా. పెద్దయ్యాక అందులో వింటుంది." ఇంతే అన్నాడట. ఆ తర్వాత భోంచేసి, పిల్లను పక్కలో వేసుకుని పాట పాడి పడుకోబెట్టాడట.

ఆ పాట దాని పాటే. అది పుట్టినప్పుడు కట్టాడు. సగం దాకా జోలపాటలా నెమ్మదిగా నడిచి, అక్కణ్ణుంచి మెట్టు మెట్టుగా ఎక్కి, చివర ఒక పెద్ద కేకలో నిలబడుతుంది. ఇంట్లో మొదటి సగమే పాడేవాడు, రెండో సగం పాడితే పిల్ల లేచి కూర్చునేది. కచేరీలో దాన్ని ఆఖరికి పెట్టుకున్నాడు. అప్పటికే ఒళ్లు హూనమైపోయింది. మైకు దగ్గరికి లాక్కుని, "ఇది మా ఇంటి రాక్షసికి. ఇంకా పడుకోలేదని నాకు తెలుసు" అన్నాడు. ఆ రెండు ముక్కలకే గొంతు జీరపోయింది. నేను జనం మధ్యలో సౌండు బల్ల దగ్గరున్నాను. పాట ఎక్కుతోంది, వాడూ ఎక్కుతున్నాడు, సరిగ్గా కేక దగ్గర గొంతు పుటుక్కున విరిగింది. నోరు తెరిచే ఉంది, గాలి తప్ప ఏమీ లేదు. నా వేలు వాడి మైకు మీట మీదే ఉంది, ఎంత పైకి తోస్తే మాత్రం ఏముంది అక్కడ.

మా ఆయన ఆపలేదు. కళ్లు వాడి వీపు మీదే పెట్టి కొడుతూనే ఉన్నాడు. గిటారువాడు ఆ ముక్కనే తిప్పి తిప్పి వాయించాడు. కాసేపటికి ఉరుము మళ్లీ అందుకుని, కింది స్థాయిలో, గరగరమంటూ, ఎలాగో చివరిదాకా ఈడ్చుకొచ్చాడు. జనానికి ఏమీ తెలియదు, ఏడుపు ఆపుకుంటున్నాడనుకుని వెర్రెత్తినట్టు అరిచారు. వారం తిరక్కుండా ఆపరేషన్ అయిపోయింది.

తర్వాత ఆ రికార్డింగు పెట్టుకుని నేనొక్కదాన్నే స్టూడియోలో ఎన్నిసార్లు విన్నానో. విరిగిన చోటు దాటగానే మళ్లీ వెనక్కి తిప్పి వినేదాన్ని. ఇన్నేళ్ల పనిలో ఒక తప్పును ముట్టుకోవడానికి నాకు చేతులు రాకపోవడం అదే మొదలు. అందులో నా తమ్ముడున్నాడు, నిండుగా ఉన్నాడు. మిగతా పాటల్లో కంటే అక్కడే ఎక్కువున్నాడు.

గాయం మానాక వాడు స్టూడియోకి వచ్చాడు. మెడకు ముందు తెల్ల గుడ్డ, దాని వెనక ఊపిరి పీల్చే రంధ్రం. ఏం చెప్పాలన్నా ఫోనులో కొట్టి చూపిస్తాడు. పాటలన్నీ కళ్లు మూసుకుని విన్నాడు, కాలితో తాళం కూడా వేశాడు. ఆఖరి పాటలో విరుపు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి చాపి తనే ఆపేశాడు. "ఇది తీసెయ్. జిరాక్స్‌ని పిలువు" అని ఫోను నా ముఖం ముందు పెట్టాడు.

జిరాక్స్ అంటే హోటళ్లలో ఉరుము పాటలు పాడుకుని బతికే కుర్రాడు. పాటలే కాదు, మాట, దగ్గు, నవ్వు, అన్నీ మా వాడివే దించేస్తాడు. ఒకసారి వాడు ఫోన్లో ఉరుములా మాట్లాడి మా ఆయన్ని రిహార్సలుకి పిలిస్తే, ఈయనగారు డ్రమ్స్ మోసుకుని వెళ్లి తాళం వేసిన తలుపు ముందు కూర్చున్నాడు. ఆ సంగతి తెలిసి ఎక్కువ నవ్వింది ఉరుమే. తన పాత తోలు జాకెట్టు కూడా వాడికిచ్చాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. మాట్లాడలేనివాడితో పోట్లాడటమంత దరిద్రం ఇంకొకటి లేదు. మనం అరిచేసి, వాడు టైపు చేసేదాకా గుడ్లప్పగించి నిలబడాలి, ఈలోపు కోపం కాస్తా నీరుగారిపోతుంది. వాడు నిదానంగా కొట్టి చూపించాడు: "బుడంకాయ వినేది ఈ పాటే అక్కా. అక్కడ నాన్న చచ్చిపోతున్నట్టుంది. అలా వినకూడదు."

"అది నువ్వేరా. ఎలా ఉన్నా నువ్వే. వాడు పాడితే ఎంత బావున్నా వాడేగా."

ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. నా రెండు చేతులూ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. చిన్నప్పుడు పరీక్ష తప్పి, నాన్నకు చెప్పొద్దని పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. ఇక నేనేం చేయను, సరేనన్నాను.

జిరాక్స్ వచ్చాడు కానీ నీళ్లు నమిలాడు. అన్న పాటను అన్న ముందు పాడటం తన వల్ల కాదన్నాడు. ఉరుము వాణ్ణి భుజాలు పట్టుకుని మైకు ముందు నిలబెట్టి, పక్కనే తనూ నిలబడ్డాడు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించాడు, ఎక్కడ ఎక్కాలో చెయ్యెత్తి చూపించాడు. ముందుగా ఆ మాటలు, మా ఇంటి రాక్షసికి అన్న మాటలు, అవి కూడా జీరపోయాయని మళ్లీ చెప్పించాడు. తర్వాత పాట. కేక దగ్గర జిరాక్స్ గొంతెత్తి నిలబెడితే, పక్కన మా వాడి నోరూ అంతే తెరుచుకుంది, మెడ నరాలు ఉబ్బాయి, తెల్ల గుడ్డ ఎగిరెగిరి పడింది. అద్దం ఇవతల కూర్చుని నేను రికార్డు చేశాను. కేక అద్భుతంగా వచ్చింది, పాపిష్టిది.

అక్కడితో అయిపోతే బాగుండేది. కొత్త గొంతు పెట్టి వింటే వెనకాల పాతది వినపడుతోంది. వేదిక మీద ఏ మైకూ ఒక్క చప్పుడే వినదు. డ్రమ్స్ ముందు పెట్టిన మైకుల్లో కూడా ఉరుము గొంతు పడింది. జిరాక్స్ కేక నిండుగా మోగుతుంటే దాని వెనక సన్నగా మా వాడు విరిగిపోతున్నాడు. ఉరుము విని తల అడ్డంగా ఊపాడు. అంటే డ్రమ్స్ కూడా మళ్లీ కొట్టాలి.

మా ఆయనకు ఆ మాట నేనే చెప్పాను. "వాడు ఆగిపోయినప్పుడు వాణ్ణి మోసింది ఆ దెబ్బలేనే" అన్నాడు. ఉరుమే కర్రలు తీసి బావ చేతిలో పెట్టాడు. ఆయన కొట్టాడు. కొట్టి, బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఎంతసేపటికీ రాలేదు. తర్వాత గిటార్లూ అంతే. చివరికి జనం అరుపుల్లో కూడా వాడి గొంతు ఉందని అవి తీసేసి ఇంకో పాటలోవి తెచ్చి అతికాను. లైవ్ ఆల్బమ్‌లో ఆ పాటకు లైవ్ అన్నదొక్కటీ మిగల్లేదు. నా చేతి పనుల్లో అంత నున్నగా కుదిరింది మరొకటి లేదు.

ఆల్బమ్ బయటికొచ్చింది, బాగానే అమ్ముడుపోయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేనూ మా ఆయనా తమ్ముడింటికి వెళ్లేసరికి ముందు గదిలో ఆ పాటే మోగుతోంది. బుడంకాయ స్పీకరుకి చెవి ఆనించి కూర్చుంది. రాక్షసి అన్న మాట రాగానే "నేనే, నేనే" అని గెంతుతుంది, పాట అయిపోతే మళ్లీ పెట్టమంటుంది. మళ్లీ మళ్లీ పెడుతూ ఉరుము దాన్నే చూస్తున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక వాడి ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. పోనీలే, వాడే రైటేమో, నేనే ఊరికే రాద్ధాంతం చేశానేమో అనుకున్నాను.

ఒక్కటే వెలితి. పిల్ల వాడి దగ్గరికి పోవడం లేదు. నాన్న అనే పిలుస్తుంది, అన్నం పెడితే తింటుంది, ఒళ్లోకి మాత్రం రాదు. మెడ మీది గుడ్డను చూసి జడుసుకుంటోందని, అలవాటైతే అదే వస్తుందని మా మరదలు అంది. మేమూ అదే అనుకున్నాం.

అంతలో జిరాక్స్ వచ్చాడు, పళ్ల సంచీతో. కొత్త మనిషిని చూసి పిల్ల పరుగెత్తి కర్టెన్ వెనక దాక్కుంది. వాడికి పిల్లల్ని చూస్తే చేతులూరుకోవు. కర్టెన్ ముందు గొంతుక్కూర్చుని, ముద్దుగా, ఉరుము గొంతుతో, "ఏం రాక్షసీ, ఇంకా పడుకోలేదా?" అన్నాడు. మంచికే అన్నాడు. ఎదుటివాళ్లను నవ్వించడానికి వాడి దగ్గరున్నది ఆ ఒక్క విద్యే.

కర్టెన్ కదిలింది. పిల్ల బయటికొచ్చి వాణ్ణి కింది నుంచి మీది దాకా చూసింది. తర్వాత వెళ్లి వాడి మెడకు చుట్టుకుపోయింది.

"వచ్చేశావా నాన్నా" అంది.

అప్పుడర్థమైంది నాకు. అది గుడ్డను చూసి భయపడలేదు. ఇన్నాళ్లూ అది నాన్న కోసం ఎదురు చూస్తోంది. ఇంట్లో తిరుగుతున్న ఈ మాటల్లేని మనిషిని అందరూ నాన్న అనమంటే అంటోంది, అంతే. మా మరదలు గోడవైపు తిరిగిపోయింది. మా ఆయన నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకున్నాడు. నేను తమ్ముడి ముఖంలోకి చూడలేకపోయాను, ఏడుపు తన్నుకొచ్చింది.

జిరాక్స్ ముఖం పాలిపోయింది. అన్నా, నేను ఏదో, అంటూ తన సొంత గొంతుతో గొణిగాడు. ఉరుము ఊరుకోమని సైగ చేశాడు. ఫోను తీసి కొట్టడం మొదలుపెట్టాడు. కొడతాడు, చెరుపుతాడు, మళ్లీ కొడతాడు. చివరికి జిరాక్స్ చేతిలో పెట్టాడు. అది చదివి వాడు వద్దన్నట్టు తల ఊపాడు. మా తమ్ముడు వాడికి దండం పెట్టాడు.

జిరాక్స్ పిల్లను మోకాలి మీద కూర్చోబెట్టుకుని, ఫోను చూస్తూ, ఉరుము గొంతుతో చదివాడు.

"బుడంకాయా, విను. ఈ గొంతు నాన్నది. నాన్నకు జబ్బు చేసి పోయింది. ఈ మామయ్య దగ్గర అరువు తెచ్చుకున్నాం. మామయ్య ఇంటికెళ్లిపోతాడు. ఇక ఇది రాదు, నువ్వు ఎదురు చూడకు. నాన్న మాత్రం ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉన్నాడు."

జిరాక్స్ కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. గొంతు మాత్రం వణకనివ్వలేదు, పాపం. ఉరుము గొంతు అలా వణకదని వాడికి తెలుసు.

పిల్ల శ్రద్ధగా వింది. కాసేపు ఆలోచించి, "మరి నాన్నేడీ?" అని వాణ్ణే అడిగింది. వాడు వేలెత్తి చూపించాడు. అది మోకాలి మీంచి దిగి, తిన్నగా మా తమ్ముడి దగ్గరికి వెళ్లి, ఆసుపత్రి తర్వాత మొదటిసారి ఒళ్లోకి ఎక్కి కూర్చుంది. మాట్లాడమంది. వాడు ఒకసారి నా వైపు చూశాడు. తర్వాత పెదవులు కదిపి ఏదో చెప్పాడు. అది చెవి తెచ్చి వాడి నోటికి ఆనించి, మమ్మల్నందర్నీ చప్పుడు చేయొద్దని వేలితో బెదిరించి, ఊపిరి బిగబట్టి వింది.

"వినపళ్లేదు నాన్నా, గట్టిగా చెప్పు" అంది.

వాడు గట్టిగా చెప్పాడు.