మా ఆకలి మాకియ్యండి

హదస్సా కుర్చీలోంచి కింద పడగానే టీమ్ లీడర్ రిచర్డ్ పరుగెత్తుకొచ్చాడు. ఆమెను లేపడానికే అనుకున్నాం. ఆయన మా బల్లల మీది చిన్న కాగితపు కప్పులన్నీ ఏరి కవర్లో వేసుకున్నాడు. అంబులెన్సుకు ఫోన్ చేసింది మాతో పనిచేసే ఝాన్సీలక్ష్మి.

సీతాఫల్‌మండిలో మా ఆఫీసు. విదేశీ ఆసుపత్రుల బిల్లులు చూసి, ఒక్కో జబ్బుకు ఒక్కో కోడ్ వేయడం మా పని. పొద్దున షిఫ్టుకు ముందు అందరం వరసగా నిలబడేవాళ్ళం. రిచర్డ్ ట్రే పట్టుకొని వచ్చేవాడు. కప్పుకో తెల్లబిళ్ల.

"విటమినే తల్లీ. దిమాగ్ తేజ్ అయితది, టెన్షన్ పోతది."

మింగితే నిజంగానే తల తేటపడేది, వేళ్ళు పరుగెత్తేవి. మేం వేగంగా చేసినకొద్దీ కంపెనీ టార్గెట్ పెంచింది. పెరిగిన టార్గెట్ బిళ్ల లేకుండా అందేది కాదు. వద్దన్నవాళ్ళ కాంట్రాక్టు నెలాఖరుకు ముగిసిపోయేది.

నాకు కొత్తగా పెళ్ళయింది. మా ఆయన విజయేందర్‌కు మోండా మార్కెట్లో స్టీలు సామాన్ల దుకాణం. పొద్దున్నే లేచి నాకోసం బియ్యప్పిండితో సర్వపిండి కాలుస్తాడు. మధ్యలో వేలితో పెట్టే చిల్లులు రోజుకో తీరు. ఒకరోజు పువ్వు, ఒకరోజు చందమామ. డబ్బా తెరిచి నాలో నేనే నవ్వుకునేదాన్ని. తినాలని మాత్రం అనిపించేది కాదు. డబ్బా నిండుగానే ఇంటికి పోయేది.

"ఏందే నవతా, నా చేతి వంట అంత కరాబున్నదా?" అని ఆయన చిన్నబుచ్చుకునేవాడు.

హదస్సాది నా పక్క సీటు. వాళ్ళమ్మ రోసమ్మగారు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ బడిలో పాఠాలు చెబుతున్నారు. గుడ్ ఫ్రైడేకు ముందు శ్రమల దినాలు మొదలయ్యాక హదస్సా ఉపవాసం పట్టింది. సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టదు.

"ప్రతి ఏడూ మధ్యాహ్నానికే కళ్ళు తిరిగేవి అక్కా," అంది ఒకరోజు సంబరంగా. "ఈసారి ఆకలే లేదు. ప్రార్థన అయ్యాక కూడా తినబుద్ధి కావట్లేదు. దేవుడే బలమిచ్చాడు."

"నాకు సుత ఆకలి లేదు పిల్లా. నేనైతే ఏ ఉపవాసం చేస్తలేను!"

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వి మళ్ళీ పనిలో పడ్డాం.

ఆకలిని చంపింది ఆ బిళ్లేనని ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది. ఖాళీ కడుపు మీద రోజూ మింగేసరికి గుండె లయ తప్పిందట. హదస్సా కళ్ళు తెరవలేదు. మంచం పక్కన ఒక కానిస్టేబుల్ కూర్చున్నాడు. రోసమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"మా పిల్ల బయట కొనుక్కొని మత్తుమందు తింటోందని మీ రిచర్డ్ పోలీసులకు చెప్పాడమ్మా. సొరుగులో బిళ్లలు దొరికాయంట. మెలకువ వస్తే అరెస్టు చేస్తారంట. మేలుకోవాలని ప్రార్థన చెయ్యనా, వద్దా?"



మర్నాడు భోజనాల వేళ ఆఫీసు మెట్ల మీద గుమిగూడాం.

"నిజం చెప్తే మన మీద సుత కేసైతది," అన్నాడు మా వెనక సీటు జకర్యా. "మా ఇంట్ల కమాయించేది నేనొక్కన్నే."

"చెప్పకుంటే రేపు నువ్వు పడ్తవ్," ఝాన్సీలక్ష్మి గయ్యిమంది. "నీ సొరుగుల సుత వాళ్ళే బిళ్లలు పెడ్తరు."

"వచ్చిందమ్మా పెద్ద లీడరు!"

"ఏ లీడరూ రాడు గనుకనే మొత్తుకుంటున్న. ఒక్కతి మింగిందంటే ఆమె నేరం. అందరం మింగినమంటే కంపెనీ మింగించినట్టు. పోతే అందరం పోవాలె."

పెళ్ళి తోరణాలు ఇంకా విప్పని మా గుమ్మంలో పోలీసులు నిలబడినట్టు కనిపించింది నాకు. నిండుగా తిరిగిపోయిన డబ్బాలూ కనిపించాయి.

"నేనొస్త," అన్నాను.

జకర్యా మెట్టు మీంచి లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "నడువుండ్రి, సస్తమా బతుకుతమా చూద్దాం," అన్నాడు.

మరుసటి పొద్దున ట్రే మళ్ళీ వచ్చింది. ఒక మనిషి అక్కడ చావుబతుకుల్లో ఉన్నా ట్రే ఆగలేదు. అందరం కప్పులు తీసుకున్నాం. ఎవరూ నోట్లో వేసుకోలేదు.

"ముందు నువ్వు మింగన్నా," అంది ఝాన్సీలక్ష్మి. "విటమినే గదా."

రిచర్డ్ ముఖం తిప్పుకున్నాడు. "పైనోళ్ళు చెప్పింది చేస్తున్నమ్మా. నాకూ టార్గెట్ ఉన్నది."

కప్పులు చేతుల్లో పట్టుకొని మెట్లు దిగి, నడిరోడ్డున పోలీస్ స్టేషన్‌కు నడిచాం.

"మింగిందెవరు?" బల్ల మీద పెట్టిన కప్పులు చూసి అన్నాడు ఎస్సై.

"అందరం."

"తెలిసే మాట్లాడుతున్నరా? అందరి మీద కేసైతది."

"రాసుకోండ్రి సార్. ఎవరు మింగించిండ్రో అదీ రాయండ్రి. హదస్సా ఒక్కదాన్ని పట్టుకుంటమంటే మేమిక్కడ్నుంచి లేవం," అంది ఝాన్సీలక్ష్మి.

కూర్చున్నాం. మధ్యాహ్నందాకా బెదిరించారు, బతిమాలారు. చివరికి రక్త పరీక్షకని వ్యాన్‌ ఎక్కించారు. రెక్కలు పట్టి లోపలికి నెడుతుంటే, అంతసేపూ నోరెత్తని జకర్యా ఒక్కసారిగా అరిచాడు. "మా ఆకలి మాకియ్యండి!"

వ్యాన్ మా ఆఫీసు ముందు నుంచే పోయింది. రెండో షిఫ్టు వాళ్ళు లోపలికి పోకుండా మెట్ల మీద నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి చేతుల్లోని కప్పులు బోర్లించారు. తెల్లబిళ్లలు మెట్ల మీద దొర్లాయి.

అప్పుడు నా కడుపు కుర్రుమంది. పక్కన జకర్యాదీ. కన్నీళ్ళతోనే నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో ఆకలేసింది మాకు. సంచిలోంచి డబ్బా తీశాను. సర్వపిండి మీద పువ్వు ఉంది. తుంచి అందరికీ తలా ముక్క ఇచ్చాను.

ఒక ముక్క లోపలే ఉంచి మూత పెట్టాను. అది హదస్సాది.