రుచి చూడకూడని పులిహోర

అనసూయ పన్నెండేళ్ళుగా మా దగ్గర పెద్ద వంటమనిషి. నేను పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ వంటలు ఒప్పుకుంటాను, వండేది ఆమె. నరసరావుపేటలో ధనుంజయరావు వంటలంటే పేరు నాదే గానీ, నాకు పాలు కాచడం కూడా సరిగా రాదు. ఆ సంగతి దేవుడికీ మా ఆవిడకీ తెలుసు.

ఆ పన్నెండేళ్ళలో అనసూయ తన వంట ఎలా ఉందని ఒక్కరినీ అడిగి ఎరగదు. ఎవరైనా తమంతట తాము బాగుందంటే, బాగోక ఏమయిద్ది అనేది. అలాంటిది కరోనా రెండో విడత తగ్గి మళ్ళీ పనులు మొదలయ్యాక, కనబడిన ప్రతివాడినీ "ఎట్టా ఉంది?" అని అడగడం మొదలుపెట్టింది. పెళ్ళివారిని, బల్లలు వేసేవాళ్ళని, చివరికి కరెంటు తీగ సరిచెయ్యడానికి వచ్చినవాణ్ణి కూడా గరిటెడు సాంబారు పోసి అడిగింది. ఆమెకు కరోనా వచ్చి తగ్గింది, ఆ జబ్బు వినయం నేర్పిందని నేను సంతోషించాను. పూజలో కూర్చున్నప్పుడు ఒకసారి అనుకున్నాను కూడా, స్వామీ, ఇంత కష్టం పంపినందుకు నిన్నేమీ అనను గానీ, ఆమె నోరు మాత్రం కాస్త మెత్తబరిచావు అని.

కరోనా నాకూ వచ్చింది. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయన్నారు. పది అడుగులు వేస్తే ఆయాసం. అందుకని ఎక్కడ వంటలున్నా మా తమ్ముడి కొడుకు సుధాకర్ నా కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ మోసుకొచ్చి పొయ్యిల దగ్గర వేస్తాడు. అందులో కూర్చుని అందరినీ ప్రశ్నలు అడగడం నా పని.

ఇంకో మార్పు కూడా చూశాను గానీ పట్టించుకోలేదు. కూరగాయలు తరిగే చాంద్ బీ అంతకుముందు ఎక్కడో నీడ చూసుకుని కూర్చునేది. ఇప్పుడు తన చెక్కా కత్తీ తెచ్చుకుని సరిగ్గా పొయ్యి పక్కనే చేరింది. ఉండుండి చెక్క మీద కత్తి వెనక్కి తిప్పి టక్ టక్ మని కొట్టేది. ఎండకు ఆమెకేదో అలవాటు పట్టిందనుకున్నాను.

ఉగాది వెళ్ళిన నాలుగో రోజు రాజుపాలెంలో గృహప్రవేశం. రంజాన్ ఉపవాసాలు అప్పుడే మొదలయ్యాయి. మధ్యాహ్నం నమాజు వేళయిందని చాంద్ బీ కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి బోరు దగ్గరికి వెళ్ళింది. అనసూయ పాయసం కలుపుతోంది. నేను లేచి ఆమె దగ్గరికి వెళ్ళి, మజ్జిగలోకి అల్లం దంచారా, అప్పడాలు ఎన్ని వేయించారు అని రెండు మూడు సంగతులు కనుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి మాడు వాసన మొదలైంది. వడ్డించేవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఇంటివాళ్ళు మేడ మీద నుంచి తొంగిచూశారు. రోడ్డు మీద పోతున్న బండివాడు కూడా ఆగి, ఏదో అడుగంటిందండోయ్ అని చెప్పి పోయాడు. ఆ పొగలో అనసూయ మాత్రం ప్రశాంతంగా గరిట తిప్పుతూనే ఉంది.

చాంద్ బీ తడి చేతులతో పరిగెత్తుకొచ్చి గంగాళం దింపించింది. అప్పుడు నాకు విషయం చెప్పింది, అనసూయ తల వంచుకుని మాడిన అడుగు గోకుతుంటే.

"అనసూయమ్మకి వాసన పోయిందన్నయ్యా. రుచి కూడా. జొరం వచ్చినప్పుడు పోయింది, మళ్ళా రాలా. వాసన నేను చూస్తన్నా, రుచి నేను చెప్తన్నా. ఒక దెబ్బంటే ఉప్పు సరిపోయింది, రెండంటే చాలదు, మూడంటే దించమని."

"మరి ఇప్పుడు నీకు ఉపవాసం గదా, ఉప్పు ఎట్టా చూస్తన్నావు?"

"ఉప్పు వాసనలో తెలిసిపోద్దన్నయ్యా," అంది చాంద్ బీ, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

ఆ రోజు ఇంటివాళ్ళకు బజారు నుంచి జిలేబీ తెప్పించి మాట దక్కించుకున్నాం. సుధాకర్ మాత్రం దారి పొడుగునా ఊరుకోలేదు. రుచి తెలియని మనిషి చేత వంట చేయించడం, కళ్ళు కనబడనివాడి చేత బస్సు తోలించడం ఒకటేనన్నాడు. నాలుగు రోజుల్లో శ్రీరామనవమి. ఎడ్లపాడు దగ్గర ఒక ఊరి రామాలయంలో కరోనా వల్ల రెండేళ్ళు ఆగిన కల్యాణం మళ్ళీ చేస్తున్నారు, ఊరందరికీ ప్రసాదం మేమే వండాలి. అక్కడ కూడా ఇలా అయితే మన బోర్డు దించేసుకోవచ్చన్నాడు. గుంటూరులో నాగార్జున అని కుర్రవాడున్నాడు, చెయ్యి తిరిగినవాడు, ఫోనులో అతని వంటలు వేలమంది చూస్తారు, నవమికి అతన్ని పిలుద్దాం, బాగుంటే అతన్నే ఉంచేద్దాం అన్నాడు.

నేను కాదనలేదు. అనసూయతో మాత్రం, నవమికి నువ్వు వడపప్పు సంగతి చూడు చాలమ్మా, కాస్త విశ్రాంతిగా ఉంటుంది అన్నాను. విశ్రాంతి అనే మాటకు అర్థం ఆమెకు తెలుసు. మొగుడు లేడు, ఇంటర్ చదివే కూతురుంది, ఈ చేతిపని తప్ప వేరే ఆధారం లేదు. "అట్టాగే బాబాయ్" అని ఒక్కమాట అని వెళ్ళిపోయింది. ఆ రోజు నన్ను ఎట్టా ఉందని ఏమీ అడగలేదు.

నవమి నాడు తెల్లవారేసరికి పందిట్లో పొయ్యిలు వెలిగించాం. గుడి కమిటీ పెద్ద కోటయ్య గారు నాకంటే ముందే వచ్చి, నా కుర్చీ ఖాళీగా కనబడితే అందులో కూర్చున్నాడు. ఆయన నియమం ఒకటే. గంగాళాలన్నీ ముందు స్వామికి నివేదన కావాలి. అప్పటిదాకా ఎవరూ రుచి చూడకూడదు, వాసన కూడా చూడకూడదు, వండేవాళ్ళు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవాలి. నాగార్జున గుడ్డ దగ్గర నసిగాడు.

"కరోనాలో సర్కారు చెప్తే కట్టారుగా. రాముడు చెప్తే కట్టరా?" అన్నాడు కోటయ్య గారు.

చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిన ఆచారమే ఇది. మా అమ్మ ప్రసాదం వండేటప్పుడు ఊపిరి బిగబట్టుకునేది. తెలిసి కూడా నాకు ఆ క్షణం దాకా తట్టలేదు, మేం తెచ్చింది నాలుకే ఆధారంగా వండే మనిషినని.

నాగార్జున మంచి పనివాడే. కాకపోతే అయిదు నిమిషాలకొకసారి గరిట అంచు నుంచి ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాలుకకు తగిలించనిదే అతని చెయ్యి కదలదు. పులిహోర పులుసు ఉడుకుతుండగా మొదటిసారి చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది. గుడ్డ అడ్డం వచ్చింది. రెండోసారి గుడ్డ కిందికి లాగాడు. కోటయ్య గారు నా కుర్చీలోంచి లేచి వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందయ్యా అది? సీతారాముల కంటే ముందు నీకా?"

అక్కడి నుంచి నాగార్జున తడబడ్డాడు. మూటెడు బియ్యం అన్నం రెండు గంగాళాల్లో ఆరబోసి ఉంది. ఉప్పు పాకెట్టు పట్టుకుని ఒకదాని దగ్గరికి వెళ్తాడు, ఆగుతాడు, రెండో దాని దగ్గరికి వెళ్తాడు. దేంట్లో వేశాడో మర్చిపోయాడు. సుధాకర్‌ని అడిగాడు. సుధాకర్ నన్ను చూశాడు. నేను గోపురం వైపు చూశాను. చూసి తెలుసుకుందామంటే ఉప్పూ తెలుపే, అన్నమూ తెలుపే.

"మొదటి దాంట్లో ఏశావబ్బాయ్," అంది అనసూయ, పెసరపప్పు నీళ్ళు వంచుతూ, తల తిప్పకుండానే. "మూడు గుప్పెళ్ళు ఏశావు. నీ గుప్పెడు పెద్దది, ఇంకెయ్యమాక. రెండో దాంట్లో అసలెయ్యలా. పులుసులో ఇంకో దోసెడు చింతపండు పడాల. అది పాత పండు, నల్లగా ఉందిగానీ పులుపుండదు."

అందరం ఆమె వైపు తిరిగాం. నాగార్జున గరిట తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాడు.

"నాకు రాదక్కా, ఇట్టా. నువ్వే చెయ్యి."

ఆమె నా వైపు చూసింది. సుధాకర్ ఏదో అనబోయి, కోటయ్య గారు ముహూర్తానికి రెండు గంటలే ఉందని అరిచేసరికి మానుకున్నాడు. నేను తలూపాను. అనసూయ చేతులు కడుక్కుని, చీర చెంగు ముక్కుకూ నోటికీ బిగించి కట్టింది. వాసన తెలియని ముక్కుకు గుడ్డ ఎందుకని అడగాలనిపించింది. కోటయ్య గారు అక్కడే ఉన్నాడని ఊరుకున్నాను.

ఆ రోజు మొదటిసారి ఆమె వండుతుంటే సరిగ్గా చూశాను. ఉప్పు గుప్పెళ్ళ లెక్క. పులుసు చప్పుడు విని, అంచుల్లో నూనె తేలడం చూసి సెగ తగ్గించింది. మిరపకాయలు రంగు మారుతుండగా పోపు దించింది. మిగిలినదంతా వేళ్ళ కణుపుల మీద రామనామం. ఇన్ని నామాలకు బెల్లం కరుగుతుంది, ఇన్ని నామాలకు పొంగలి దించాలి అని ఏడాది పాటు మాకెవరికీ తెలియకుండా లెక్క కట్టుకుంది. చాంద్ బీ ఆలయం లోపలికి రాకుండా మా సామాన్ల ఆటో నీడన కూర్చుని దోసకాయలు తరుగుతోంది. ఆ పందిట్లో రుచి చూడకూడదన్న నియమం మాకు ఒక్కపూట. చాంద్ బీకి ఒక నెల, అదీ పగటి వేళే. అనసూయకి అప్పటికి ఏడాది అవుతోంది. స్వామి దగ్గర ఎవరి నియమం పెద్దదో నాకు తెలియదు.

చక్కెర పొంగలి ఉడుకుతోంది. పానకంలోకి మిరియాలు దంచారో లేదో గుర్తొచ్చి నేను లేచి అనసూయ దగ్గరికి నడిచాను. ఇంకా నోరు తెరవలేదు, ఆటో దగ్గర నుంచి చెక్క మీద టక్ టక్ టక్ మని మూడు దెబ్బలు వినబడ్డాయి. అనసూయ వేళ్ళు ఆపకుండానే అరచెయ్యి అడ్డంపెట్టి నన్ను నిలబెట్టింది. నూట ఎనిమిదికి మిగిలిన రెండు నామాలూ పూర్తయి గంగాళం దించాక అప్పుడు మాట్లాడింది.

"లెక్క మధ్యలో పలకరించమాక బాబాయ్. ఆ రోజు పాయసం దగ్గర తొంబై దాకా వచ్చా. నువ్వొచ్చి అల్లం అన్నావు, అప్పడాలన్నావు. పెద్దోడివి అడిగితే పలక్కుండా ఎట్టా ఉంటా? లెక్క పోయింది."

జపం చేసుకునేవాళ్ళను మధ్యలో మాట్లాడించకూడదని మా అమ్మ చెప్పేది. రోజూ గంటసేపు పూజ చేసేవాణ్ణి, పొయ్యి దగ్గర జరిగే జపం నాకు కనబడలేదు. పాయసం మాడ్చినవాణ్ణి నేను. ఊపిరి చాలనివాణ్ణని నన్నెవరూ విశ్రాంతి తీసుకోమనలేదు. కుర్చీ మోసుకొచ్చి వేశారు. యజమానిని గదా.

పాయసం నా వల్లే మాడిందని అక్కడే, సుధాకర్ వినేటట్టు చెప్పాను. వాడు నెమ్మదిగా, అయితే పెదనాన్నా, ఇకనుంచి కుర్చీ పొయ్యిలకు దూరంగా వేస్తా అన్నాడు.

కల్యాణం అయింది, హారతి అయింది. కోటయ్య గారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. రెండో విస్తరి అడిగాక, వచ్చే నవమికి కూడా ఆ అమ్మాయే వండాలని సుధాకర్‌తో చెప్పాడు. నాకేం చెప్పలేదు, ఎందుకంటే నా కుర్చీ ఇంకా ఆయన కిందే ఉంది. నాగార్జున గుంటూరు వెళ్ళలేదు. గంగాళాలు ఎత్తే మనిషి కావాలి గదా, ఉంటానన్నాడు. పనిలో పనిగా లెక్క నేర్పమని అనసూయ వెంట తిరుగుతున్నాడు. సుధాకర్ కూడా ఇక అనసూయను మార్చే మాట ఎత్తలేదు.

జనం పలచబడ్డాక అనసూయ ఆకులో పులిహోర పెట్టుకుని నా పక్కన నేల మీద కూర్చుంది. ఇంకో పొట్లం ఆటో దగ్గరికి పంపింది, పొద్దుగూకాక తినమని.

"ఎట్టా ఉంది బాబాయ్?"

ఏడాదిగా ఆ మాటకు నేను బాగుందమ్మా అని ఊరుకునేవాణ్ణి. ఈసారి నేనూ ముద్ద తీసుకుని నెమ్మదిగా నమిలాను. ముందు దవడ పక్కన పులుపు తగిలింది, తర్వాత కారం, అది ఎక్కువ సేపు లేదు, పల్లీ కమ్మగా ఉంది, చివర్లో ఆవపిండి ముక్కు దాకా వచ్చి ఆగింది అని చెప్పుకుంటూ పోయాను. నేను ఒక్కొక్కటే చెప్తుంటే ఆమె కళ్ళు మూసుకుని తను కూడా తింటోంది.

"ఉప్పు?"

"సరిగ్గా ఉంది. ఇంగువ కాస్త తగ్గిందేమో."

అనసూయ కళ్ళు తెరిచింది.

"నీకేం తెలవదులే బాబాయ్," అంది ఆకు మడుస్తూ. "చాంద్ బీ తిన్నాక దాన్నడుగుతా."